కౌంటరు వెనక కంప్యూటర్: బ్యాంకు గుమాస్తా కొలువు, జీతం ఏమయ్యాయి

## క్లుప్తంగా

ప్రభుత్వరంగ బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చి నలభై ఏళ్లు దాటింది. యంత్రం వచ్చిందని ఎవరినీ నేరుగా ఇంటికి పంపలేదు. కానీ రిటైరైన గుమాస్తా కుర్చీలో చాలాచోట్ల మళ్లీ గుమాస్తాను కూర్చోబెట్టలేదు. పనిలో కొంత నిజంగానే మాయమైంది. మిగతాది ఖాతాదారుడి ఫోనుకు, దూరాన ఉన్న ప్రాసెసింగ్ సెంటరుకు, కమీషన్ మీద పనిచేసే బ్యాంకు మిత్రకు చేరింది. జీతాన్ని కంప్యూటర్ తనంతట తాను పెంచలేదు, తగ్గించనూ లేదు. ఆ పని ఎవరి జీతాల పట్టీలోకి వెళ్లిందన్నదే జీతాన్ని తేల్చింది.

## ఈ లెక్క ఇప్పుడెందుకు

కృత్రిమ మేధ వల్ల ఆఫీసు ఉద్యోగాలు ఏమవుతాయన్న చర్చలో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. ఉద్యోగాలన్నీ ఊడ్చుకుపోతాయని ఒకటి. కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డారు, తీరా ఏమీ కాలేదు కదా అని రెండోది. రెండోవారు ఎక్కువగా చూపించేది బ్యాంకులనే. అక్కడ నిజంగా ఏం జరిగిందో పని పనినీ విడదీసి చూస్తే ‘ఏమీ కాలేదు’ అన్నది సగమే నిజమని తేలుతుంది.

## లెడ్జరు రోజుల్లో ఒక చెక్కు

1980ల మొదట్లో ఒక మామూలు శాఖలో చెక్కు నగదు కావాలంటే కనీసం నాలుగు బల్లలు తిరగాలి. కౌంటరు గుమాస్తా చెక్కు తీసుకుని, ఇత్తడి టోకెన్ ఇచ్చి, ఆ నంబరును చెక్కు మీద వేసి పుస్తకంలో రాసుకుంటాడు. లెడ్జరు గుమాస్తా ఆ ఖాతా ఫోలియో (లెడ్జరులో ఆ ఖాతా పేజీ) తీసి, నిల్వ సరిపోతుందా, చెల్లింపు ఆపమన్న సూచన ఏదైనా ఉందా చూసి, పద్దు వేసి కొత్త నిల్వ తీస్తాడు. లెడ్జరు, చెక్కు రెండూ అధికారి బల్ల మీదికి వెళ్తాయి. ఆయన నమూనా సంతకంతో చెక్కు మీది సంతకం పోల్చి, పద్దు పక్కన పొట్టి సంతకం పెట్టి, చెక్కు పాస్ చేస్తాడు. చివరికి క్యాషియర్ టోకెన్ నంబరు పిలిచి డబ్బిస్తాడు. వీటి మధ్య లెడ్జర్లు, వోచర్లు మోసే సబ్ స్టాఫ్ వేరు.

కౌంటర్లు మూసేశాక రెండో సగం పని మొదలయ్యేది. రోజంతా వచ్చిన వోచర్లను ఖాతాల వారీగా వేరు చేసి, మొత్తాలు కట్టి, డే బుక్కులోకి, అక్కడి నుంచి జనరల్ లెడ్జరులోకి ఎక్కించాలి. నిర్ణీత కాలానికోసారి ఒక్కో లెడ్జరులోని ఖాతాల నిల్వలన్నీ కూడి, జనరల్ లెడ్జరులోని మొత్తంతో సరిచూడాలి. దీన్నే బ్యాలెన్సింగ్ అనేవారు. పైసల్లో తేడా వచ్చినా వదలడానికి వీల్లేదు. ఎందుకంటే పది రూపాయల తేడా వెనక ఒక లక్ష అటు, 99,990 ఇటు తప్పుగా పడి ఉండొచ్చు. జూన్, డిసెంబరుల్లో అర్ధ సంవత్సరపు ముగింపు వస్తే వేల ఖాతాలకు వడ్డీ చేత్తో కట్టాలి.

ఆ చేతిపని ఖాతాదారుడి వడ్డీని కూడా శాసించింది. సేవింగ్స్ ఖాతాకు ప్రతి నెలా పదో తేదీ నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు. రోజువారీ నిల్వల మీద కట్టడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ముప్పై రోజుల నెలలో 27 రోజులు ఖాతాలో రూ.50,000 ఉండి, 28న రూ.49,000 తీశారనుకుందాం. వడ్డీ రేటు 3.5 శాతమైతే పాత పద్ధతిలో ఆ నెలకు వచ్చేది వెయ్యి రూపాయల మీద వడ్డీ, అంటే సుమారు రూ.2.92. రోజువారీ నిల్వ మీద కడితే దాదాపు రూ.130. రిజర్వు బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ లెక్కను తప్పనిసరి చేసింది. అప్పటికి శాఖలు కేంద్రీకృత కంప్యూటర్ వ్యవస్థకు చేరడం వల్లే అది సాధ్యమైంది. గుమాస్తా శ్రమ తగ్గితే లాభమంతా బ్యాంకుకే పోతుందన్న మాట ఈ ఒక్క విషయంలో నిలవదు.

## ఒప్పందాల దారిలో వచ్చిన యంత్రం

భారతదేశంలో ఆఫీసు కంప్యూటర్‌కు తొలి పెద్ద ప్రతిఘటన ఎదురైంది బ్యాంకుల్లో కాదు, జీవిత బీమా సంస్థలో. 1960ల్లో కలకత్తా ఆఫీసులో కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు అడ్డుకున్నారు. ఆ అనుభవం చూసిన బ్యాంకు యాజమాన్యాలు యంత్రాలను సంఘాలతో సంతకాలు చేయించుకునే తెచ్చాయి. 1983లో బ్యాంకు యాజమాన్యాల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కు, ఉద్యోగ సంఘాలకు మధ్య యాంత్రీకరణపై మొదటి ఒప్పందం కుదిరింది. అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి.రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. 1988లో ఆయన అధ్యక్షతనే రెండో కమిటీ ఏర్పడింది. తెలుగువారికి ఆయన తర్వాత కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఎక్కువ పరిచయం.

తొలి ఒప్పందాలు ఉదారమైనవేమీ కావు. యంత్రాల సంఖ్యకు పరిమితులుండేవి. పని ఒత్తిడి ఎక్కువున్న శాఖలకే అనుమతి. యంత్రం కారణంగా ఎవరినీ తొలగించరాదు, ఉన్నవారికే శిక్షణ ఇవ్వాలి. అలా వచ్చిందే అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్, బ్యాంకు భాషలో ఏఎల్‌పీఎం. అది లెడ్జరు పద్దును, నిల్వను, వడ్డీని లెక్కకట్టేది. కానీ సమాచారం ఆ శాఖ గోడలు దాటేది కాదు. మొదట్లో యంత్రాన్ని నమ్మలేక పాత లెడ్జరు కూడా సమాంతరంగా రాసేవారు. అంటే కంప్యూటర్ వచ్చిన తొలి నెలల్లో పని తగ్గలేదు, పెరిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన ఏ ఆఫీసులోనైనా ఇప్పటికీ ఇదే తంతు.

1987లో మరో ఒప్పందం కుదిరింది. తర్వాతి పెద్ద మలుపు 1993 అక్టోబరు 29. ఆ రోజు కంప్యూటరీకరణ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అదే రోజున బ్యాంకు ఉద్యోగుల పింఛను ఒప్పందం మీదా అయ్యాయి. రెండు కాగితాలు వేరైనా బేరం ఒకటేనని ఆ తేదీని చూస్తే అర్థమవుతుంది. 1990ల చివర్లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ కూడా ఒత్తిడి తెచ్చింది. 2001 జనవరి 1 నాటికి బ్యాంకులు తమ వ్యాపారంలో 70 శాతాన్ని కంప్యూటర్ల పరిధిలోకి తేవాలని ఆదేశించింది. ఖర్చు తగ్గించడానికి కాదు, మోసాలు అరికట్టడానికి.

ఆ తర్వాత వచ్చిందే కోర్ బ్యాంకింగ్. ఖాతా శాఖది కాకుండా బ్యాంకుది అయింది. ఫినాకిల్, బ్యాంక్స్, ఫ్లెక్స్‌క్యూబ్ వంటి సాఫ్ట్‌వేర్ల మీద ఒకే సర్వరులో ఖాతాలన్నీ చేరాయి. లెడ్జరు యంత్రం గుమాస్తా చేతి వేగాన్ని పెంచిందే తప్ప అతని అవసరాన్ని తీసేయలేదు. కోర్ బ్యాంకింగ్ ఏకంగా కొన్ని విభాగాలనే తీసేసింది. ఒక శాఖ రాసిన డ్రాఫ్టును మరో శాఖ చెల్లిస్తే, ఆ రెండు పద్దులను నెలల తరబడి జతచేసే అంతర్ శాఖల రికన్సిలియేషన్ పని ఒకటుండేది. రెండు పద్దులూ ఒకే క్షణంలో పడే వ్యవస్థలో దానికి పెద్దగా చోటు లేదు.

## పోయింది ఏ పని, మిగిలింది ఏ పని

ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, ఫ్రాంక్ లెవీ, రిచర్డ్ మర్నేన్ 2003లో ఒక విభజన చేశారు. నియమాలుగా రాయగలిగిన పనిని కంప్యూటర్ తీసుకుంటుంది. సందర్భం చూసి తేల్చాల్సిన పనికి తోడవుతుంది. బ్యాంకు శాఖలో ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. పద్దు వేయడం, కూడటం, ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి ఎక్కించడం, ఫోలియో వెతకడం యంత్రానికి వెళ్లాయి. తండ్రి పోయాక ఖాతా ఎవరి పేరుకు మార్చాలో తేల్చడం, సంతకం వణికిన ముసలాయన్ను గుర్తించడం, చిరిగిన నోటుకు ఎంత ఇవ్వాలో చూడటం మనిషికి మిగిలాయి.

గుమాస్తాతోపాటు టైపిస్టు కొలువూ పోయింది. తెలుగు పట్టణాల్లో వీధికొకటి ఉండే టైపు ఇన్‌స్టిట్యూట్లు నిమిషానికి 30 మాటల లోయర్, 45 మాటల హయ్యర్ పరీక్షలకు తయారుచేసేవి. ఆ సర్టిఫికెట్టు ఒకప్పుడు నేరుగా ఉద్యోగానికి దారి. కంప్యూటర్ వచ్చాక టైపింగ్ అంతరించలేదు, అందరికీ వచ్చేసింది. మేనేజరు తన ఉత్తరం తానే కొట్టుకోవడం మొదలుపెట్టాక టైపిస్టు పోస్టుకు అర్థం పోయింది. గోద్రెజ్ సంస్థ 2009లో ఆఫీసు టైపురైటర్ల తయారీ ఆపేసింది. నైపుణ్యం అరుదుగా ఉన్నప్పుడే దానికి విడిగా జీతం వస్తుంది. జీతాల లెక్కలో ఇదే సూత్రం మళ్లీ ఎదురవుతుంది.

అమెరికా అనుభవంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ఏటీఎంలు వ్యాపించిన కాలంలో, 1988, 2004ల మధ్య, ఒక్కో పట్టణ శాఖలో టెల్లర్లు (కౌంటరు గుమాస్తాలు) సగటున 20 నుంచి 13కు తగ్గారు. శాఖ నడిపే ఖర్చు తగ్గడంతో బ్యాంకులు శాఖల సంఖ్యను 40 శాతానికి పైగా పెంచాయి. మొత్తం టెల్లర్ల సంఖ్య పడిపోలేదు. ‘యంత్రం వస్తే ఉద్యోగాలు పోవు’ అనడానికి ఈ కథ బాగా వాడతారు. తర్వాతి భాగం అంతగా చెప్పరు. ఫోన్లో బ్యాంకింగ్ వచ్చాక అక్కడ టెల్లర్ల సంఖ్య తగ్గడం మొదలైంది, శాఖలూ మూతపడ్డాయి. ఏటీఎం శాఖలో ఒక పనిని తీసుకుంది, ఫోను శాఖకు వెళ్లే అవసరాన్నే తీసుకుంది.

భారతదేశంలోనూ శాఖలు పెరిగాయి. 1991లో దేశంలో వాణిజ్య బ్యాంకుల శాఖలు అరవై వేల చుట్టూ ఉంటే ఇప్పుడు లక్షన్నర దాటాయి. అయినా ప్రభుత్వరంగ బ్యాంకుల సిబ్బంది ఆ దామాషాలో పెరగలేదు. 2000 నాటికి తొమ్మిది లక్షలకు దగ్గరగా ఉన్న సంఖ్య ఇప్పుడు ఏడున్నర లక్షల చుట్టూ ఉంది. తగ్గుదల ఎలా వచ్చిందన్నది ముఖ్యం. తొలగించరాదని ఒప్పందం ఉంది కాబట్టి తొలగించలేదు. 2000–01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టారు. పదిహేనేళ్ల సర్వీసు లేదా నలభై ఏళ్ల వయసు నిండినవారు అర్హులు. పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకు వచ్చే జీతం, ఈ రెంటిలో తక్కువది పరిహారం. లక్ష మందికి పైగా వెళ్లిపోయారు. ఆ వెంటనే 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులను రద్దు చేశారు. బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష 2011లో మొదలయ్యేదాకా గుమాస్తా నియామకాలు అరకొరగానే సాగాయి.

యాంత్రీకరణ భారాన్ని మోసింది లోపల ఉన్న ఉద్యోగి కాదు, బయట దరఖాస్తు ఫారం పట్టుకుని నిలబడ్డ అభ్యర్థి. సంఘాలు తమ సభ్యులను కాపాడుకున్నాయి. సభ్యుడే కానివాడి తరఫున బేరం ఆడేవారు ఎవరూ లేరు. పదేళ్ల నియామకాల విరామం శాఖల్లో వయసుల మధ్య ఖాళీని మిగిల్చింది. యాభై దాటినవారు, పాతిక దాటనివారు పక్కపక్కన కూర్చుంటే, పని నేర్పాల్సిన నలభై ఏళ్లవారు కనిపించకుండా పోయారు.

## పని ఎటు తరలింది

‘కంప్యూటర్ చేస్తోంది’ అనే పనిలో చాలా భాగం నిజానికి వేరే మనిషి చేస్తున్నాడు. పద్దు వేసేది ఇప్పుడు ఖాతాదారుడే. యూపీఐలో ఖాతా నంబరు, మొత్తం, రహస్య సంఖ్య కొట్టేవాడు ఒకప్పటి లెడ్జరు గుమాస్తా పనినే జీతం లేకుండా చేస్తున్నాడు. తప్పు నంబరు కొడితే నష్టమూ అతనిదే.

రుణ దరఖాస్తుల పరిశీలన, కొత్త ఖాతాల కాగితాల తనిఖీ వంటివి శాఖ నుంచి కేంద్రీకృత ప్రాసెసింగ్ సెంటర్లకు వెళ్లాయి. చెక్కుల బదులు వాటి చిత్రాలే ప్రయాణిస్తున్నాయి కాబట్టి బ్యాంకులు చెక్కులు మార్చుకునే క్లియరింగ్ హౌసుకు సంచులు మోసే పని, వేరుచేసే పని ముగిశాయి. ఏటీఎంలలో నగదు నింపడం, వాటిని మరమ్మతు చేయడం, కాల్ సెంటరులో ఫిర్యాదు వినడం కాంట్రాక్టు సంస్థల సిబ్బంది పని. ఊళ్లలో నగదు ఇచ్చి పుచ్చుకునే పని 2006 నుంచి బిజినెస్ కరస్పాండెంట్లది, జనం నోట బ్యాంకు మిత్రలది. చేతిలో వేలిముద్ర యంత్రంతో పింఛనుదారుకు, ఉపాధి కూలీకి డబ్బిచ్చే బ్యాంకు మిత్ర చేసే పనికి, 1985లో క్యాషియర్ చేసిన పనికి తేడా తక్కువ. వేతనంలో తేడా మాత్రం ఎక్కువ. ఇతనికి లావాదేవీకి ఇంతని కమీషన్. సర్వరు పనిచేయని రోజు ఆదాయమూ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆఫీసులూ ఇదే దారిలో నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పేరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులను కంప్యూటరీకరించారు. దస్తావేజులను పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించే నకలు పని పోయింది. దస్తావేజు లేఖరి మాత్రం పోలేదు. సరిహద్దులు, హక్కు వివరాలు, లింకు డాక్యుమెంట్లు సరిచూసి ముసాయిదా రాయడం నియమాలకు పూర్తిగా లొంగే పని కాదు. ఆఫీసు తీరు తెలియని రైతుకు అతనే దారి. 2011లో మొదలైన మీసేవతో ధ్రువపత్రాల దరఖాస్తు తీసుకునే పని ప్రభుత్వ గుమాస్తా నుంచి రుసుములో వాటా మీద బతికే కేంద్రం నిర్వాహకుడికి మారింది. బ్యాంకు మిత్రకు, మీసేవ ఆపరేటరుకు కొలువు పేరు వేరు, వేతన సూత్రం ఒకటే.

## జీతాల లెక్క

కంప్యూటర్ వాడితే జీతం పెరుగుతుందా? 1993లో అలాన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త అమెరికా గణాంకాలు పరిశీలించి, పనిలో కంప్యూటర్ వాడేవారి వేతనం 10 నుంచి 15 శాతం ఎక్కువని చూపారు. 1997లో జాన్ డినార్డో, యోర్న్ స్టెఫన్ పిష్కె జర్మనీ గణాంకాలతో దీన్ని పరీక్షించారు. పనిలో పెన్సిలు వాడేవారికీ దాదాపు అంతే ఎక్కువ వస్తోందని తేలింది. పెన్సిలు పట్టుకుంటే జీతం పెరగదని అందరికీ తెలుసు. ఎక్కువ జీతమొచ్చే కొలువులోనే కంప్యూటరూ పెన్సిలూ ఉన్నాయన్నమాట.

బ్యాంకుల్లో దీనికి సరిపోయే సాక్ష్యం ఉంది. లెడ్జరు యంత్రం కొత్తగా వచ్చినప్పుడు దాన్ని నడిపే గుమాస్తాకు ప్రత్యేక భత్యం ఉండేది. శాఖలో యంత్రం ఒకటీ రెండూ, నడిపేవారు ఇద్దరు ముగ్గురు. ప్రతి బల్ల మీదా కంప్యూటర్ చేరాక అది ప్రత్యేక పని కాకుండా పోయింది. ఆ తరహా భత్యాలు క్రమంగా సింగిల్ విండో ఆపరేటరు వంటి కొత్త పేర్లలో కలిసిపోయాయి. పద్దు వేయడం, చిన్న మొత్తాలు పాస్ చేయడం, నగదు ఇవ్వడం అంతా ఒకే మనిషి చేయడమే సింగిల్ విండో. ఒకప్పుడు మూడు బల్లల మీద జరిగిన పని అది.

మూలవేతనాల్లో ఇంకో విషయం కనిపిస్తుంది. 2002 నవంబరు నుంచి వర్తించిన ఎనిమిదో ద్వైపాక్షిక ఒప్పందంలో (యాజమాన్యాలు, సంఘాలు కుదుర్చుకునే వేతన ఒప్పందం) గుమాస్తా మూలవేతనం రూ.4,410 దగ్గర, తొలి మెట్టు (స్కేల్–1) అధికారిది రూ.10,000 దగ్గర మొదలైంది. అధికారికి గుమాస్తా కన్నా 2.27 రెట్లు. 2007 నుంచి వర్తించిన తొమ్మిదో ఒప్పందంలో అవి రూ.7,200, రూ.14,500. నిష్పత్తి 2.01. పదో ఒప్పందంలో రూ.11,765, రూ.23,700. పదకొండో దాంట్లో రూ.17,900, రూ.36,000. 2022 నవంబరు నుంచి వర్తించేలా 2024 మార్చి 8న కుదిరిన పన్నెండో ఒప్పందంలో రూ.24,050, రూ.48,480. ఈ మూడింటిలోనూ నిష్పత్తి 2.01, 2.02ల దగ్గరే ఉంది. కోర్ బ్యాంకింగ్, ఏటీఎం, ఫోను, యూపీఐ అన్నీ ఈ ఇరవై ఏళ్లలోనే విస్తరించాయి. గుమాస్తా చేసే పని గుర్తుపట్టలేనంత మారింది. అధికారితో పోలిస్తే అతని మూలవేతనం స్థానం దిగజారలేదు, మొదట్లో కాస్త మెరుగైంది కూడా. యంత్రం జీతం తేలుస్తుందనుకుంటే ఈ స్థిరత్వానికి కారణం దొరకదు. జీతం తేల్చింది బేరం బల్ల.

అలాంటప్పుడు బ్యాంకుల సగటు జీతం ఎందుకు పెరిగినట్టు కనిపిస్తుంది? ఒక కారణం కూర్పు మారడం. వంద మందిలో 65 మంది గుమాస్తాలు, 35 మంది అధికారులు ఉన్నారనుకుందాం. పన్నెండో ఒప్పందపు తొలి మూలవేతనాల ప్రకారం సగటు రూ.32,600. అదే వందలో గుమాస్తాలు 40, అధికారులు 60 అయితే సగటు రూ.38,708. ఏ ఒక్కరి జీతమూ రూపాయి పెరగకుండా సగటు దాదాపు 19 శాతం పెరిగింది. ఇవి ఊహా దామాషాలే, కానీ ప్రభుత్వరంగ బ్యాంకుల్లో మార్పు జరిగిన దిశ ఇదే. 1990ల్లో సిబ్బందిలో దాదాపు సగం గుమాస్తాలు, అధికారులు మూడో వంతు కన్నా తక్కువ. ఇప్పుడు సగానికి పైగా అధికారులే. ‘కంప్యూటరీకరణ వల్ల బ్యాంకు జీతాలు పెరిగాయి’ అన్న వార్త చదివినప్పుడు అది సగటు గురించా, ఒకే కొలువు గురించా అని చూడాలి.

అధికారుల సంఖ్య పెరగడాన్ని పూర్తిగా పదోన్నతిగా చూడటమూ సరికాదు. కంప్యూటర్ పద్దు పనిని తేలిక చేశాక చిన్న శాఖల్లో అధికారే పద్దు వేస్తున్నాడు, పాస్‌బుక్కు ముద్రిస్తున్నాడు. గుమాస్తా చట్టం దృష్టిలో కార్మికుడు. పని గంటలు దాటితే ఓవర్‌టైమ్ అడగగలడు, ఉద్యోగం సాధారణంగా సొంత రాష్ట్రంలోనే. అధికారికి ఓవర్‌టైమ్ లేదు, దేశంలో ఎక్కడికైనా బదిలీ. రెట్టింపు మూలవేతనాన్ని నిజంగా పనిచేసే గంటలతో భాగిస్తే తేడా బాగా తగ్గుతుంది.

పింఛను సంగతీ ఇక్కడే చూడాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి పాత పింఛను వర్తించదు. వారిది వాటా చెల్లించే జాతీయ పింఛను పథకం. 1993లో కంప్యూటర్‌కు ఒప్పుకున్న రోజునే సంతకమైన పింఛను, పుట్టినప్పటి నుంచీ కంప్యూటర్ చూసిన తరానికి అందలేదు. ఒకే కౌంటరులో, ఒకే స్కేలులో ఉన్న ఇద్దరి మొత్తం ప్రతిఫలం వేరు.

ప్రైవేటు బ్యాంకుల్లో ద్వైపాక్షిక ఒప్పందం చాలా చోట్ల వర్తించదు. 2023–24లో ప్రైవేటు బ్యాంకుల సిబ్బంది సంఖ్య ప్రభుత్వరంగ బ్యాంకులను దాటింది. అదే ఏడాది ఎంపిక చేసిన ప్రైవేటు బ్యాంకుల్లో ఉద్యోగం వదిలి వెళ్లేవారు ఏటా 25 శాతం దాకా ఉన్నారని రిజర్వు బ్యాంకు నివేదిక హెచ్చరించింది. కంప్యూటర్లు రెండు చోట్లా ఉన్నాయి. నలుగురిలో ఒకరు ఏడాదికి మానేయడం ఒక చోటే.

## ఎక్కడ తేడా కొడుతుంది

లెడ్జర్ల నుంచి సర్వరుకు మారేటప్పుడు పాత తప్పులు కూడా మారాయి. పుట్టిన తేదీ తెలియని చోట ఏదో ఒక తేదీ నింపారు. ఒకే మనిషికి మూడు ఖాతాలుంటే మూడు వేర్వేరు ఖాతాదారు నంబర్లు పుట్టాయి. ఆధార్, పాన్ జతచేసే సమయానికి పేర్లు కలవక కౌంటర్ల ముందు క్యూలు పెరిగాయి. కంప్యూటర్ తీసేసిన పని స్థానంలో ‘డేటా సరిదిద్దడం’ అనే కొత్త పని వచ్చింది. దీనికి విడిగా సిబ్బందిని ఎవరూ లెక్కకట్టలేదు.

ఖాతాలన్నీ ఒకచోట చేరడం కొన్ని పాత సర్దుబాట్లకూ తెరదించింది. డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ (బ్యాంకు ముందే మినహాయించే పన్ను) పరిమితిని ఒకప్పుడు శాఖ వారీగా చూసేవారు. నాలుగు శాఖల్లో నాలుగు డిపాజిట్లు వేసి తప్పించుకోవడం మామూలే. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకుల్లో 2015 జూన్ నుంచి పరిమితి మొత్తం బ్యాంకుకు కలిపి వర్తిస్తోంది.

మోసాల తీరూ మారింది. లెడ్జరు రోజుల్లో తారుమారు చేయాలంటే లెడ్జరు, వోచరు, డే బుక్కు మూడూ దిద్దాలి, చేతిరాత పట్టిస్తుంది. ఇప్పటి రక్షణ మేకర్, చెకర్ పద్ధతి. ఒకరు పద్దు వేయాలి, వేరొకరు ఆమోదించాలి. మనుషులు చాలని శాఖలో అధికారి తన పాస్‌వర్డు గుమాస్తాకు చెప్పేసి పని జరిపించుకుంటే ఇద్దరు మనుషుల రక్షణ ఒక్క మనిషి చేతిలోకి వస్తుంది. 2018 ఫిబ్రవరిలో బయటపడిన పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో లోపం ఇంకో రకం. విదేశీ బ్యాంకులకు హామీ సందేశాలు పంపే స్విఫ్ట్ వ్యవస్థ, కోర్ బ్యాంకింగ్‌తో అనుసంధానం కాలేదు. ముంబై శాఖ నుంచి వెళ్లిన హామీలు బ్యాంకు పుస్తకాల్లోకి ఎక్కలేదు. రెండింటినీ కలపడానికి రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఏప్రిల్ 30 గడువు పెట్టింది. కంప్యూటరీకరణ సగంలో ఆగినచోట, రెండు వ్యవస్థల మధ్య చేత్తో చేసే అతుకు దగ్గరే ప్రమాదం ఉంటుందని అది చూపింది.

## సాఫ్ట్‌వేర్ చూసి పెళ్లి

కోర్ బ్యాంకింగ్ ప్రభావం ఉద్యోగాలను దాటి బ్యాంకుల ఉనికి దాకా వెళ్లింది. 2019లో ప్రకటించి 2020 ఏప్రిల్ 1న అమలుచేసిన విలీనాల్లో ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడూ ఫినాకిల్ మీద ఉన్నవే. కెనరా, సిండికేట్ బ్యాంకులకూ, ఇండియన్, అలహాబాద్ బ్యాంకులకూ అలాగే ఒకే సాఫ్ట్‌వేర్ ఉంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఎందులో కలవాలన్నదానికి సాఫ్ట్‌వేర్ ఒక్కటే కారణం కాదు, కానీ ప్రకటన సమయంలో చెప్పిన అనుకూలతల్లో అదొకటి. ఒకే వీధిలో రెండు శాఖలు ఒకటైతే శాఖ నిర్వహణ పనులు రెండింతల నుంచి ఒకింతకు వస్తాయి. తొలగింపులుండవని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ మాట నిలిచినా, రెండు ప్రధాన కార్యాలయాలకు బదులు ఒకటే ఉన్నప్పుడు రిటైరైనవారి స్థానాలు నింపాల్సిన అవసరం తగ్గుతుంది. గ్రామీణ బ్యాంకుల్లోనూ ఇదే జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటయ్యాయి.

## ముందున్న మార్పు

పన్నెండో ఒప్పందంతో గుమాస్తా హోదా పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అయింది. పని స్వభావం మారిందన్న ఒప్పుకోలు అందులో ఉంది. పద్దు వేయడం తగ్గి, బీమా పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు, కార్డులు అంటగట్టే లక్ష్యాలు పెరిగాయి. నియామకాలు ఆగిపోలేదు. స్టేట్ బ్యాంకు ఒక్కటే 2024 డిసెంబరులో 13,735 జూనియర్ అసోసియేట్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. కానీ టైపు, చేతిరాత, కూడికల వేగం అర్హతలైన కొలువు కాదిది.

తర్వాతి వంతు అధికారిది కావచ్చు. చిన్న మొత్తాల వ్యక్తిగత రుణానికి క్రెడిట్ స్కోరు, ఖాతా లావాదేవీలు, జీఎస్టీ వివరాలు చూసి సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో అర్హత తేలుస్తోంది. ఉత్తరాలు, నోట్లు, తనిఖీ నివేదికల ముసాయిదాలు రాసే పని కృత్రిమ మేధకు సులభం. ‘సందర్భం చూసి తేల్చే పని మనిషిదే’ అన్న పాత గీత పైకి జరుగుతోంది. తొలగింపులతో కాకుండా, ఖాళీలు నింపకపోవడంతోనే ఇది మొదలవుతుందని నలభై ఏళ్ల అనుభవం చెబుతోంది. కాబట్టి గమనించాల్సింది ఉద్యోగులున్న సంఖ్యను కాదు, ఏటా రిటైరయ్యేవారికీ కొత్తగా చేరేవారికీ ఉన్న తేడాను, కొలువు వారీగా.

పన్నెండో ఒప్పందం అయిదేళ్ల కాలం 2027 అక్టోబరు 31తో ముగుస్తుంది. పదమూడో ఒప్పందంలో శాతం ఎంత పెరిగిందన్నదే పతాక శీర్షిక అవుతుంది. బ్యాంకు మిత్రలు, ప్రాసెసింగ్ సెంటర్ల కాంట్రాక్టు సిబ్బంది ఆ బల్ల దగ్గరికి వస్తారా, మూలవేతనాల నిష్పత్తి రెండు దగ్గరే ఉంటుందా, 1983లో రాసుకున్న ‘తొలగించరాదు’ నియమానికి తోడుగా ‘ఖాళీ నింపాలి’ అన్న నియమం చేరుతుందా అన్నవి లోపలి పేజీల్లో వెతకాల్సి ఉంటుంది.